తెలుగు రేవులలో ఓడల మరమ్మతు: గోలకొండ నాటి ఒక ముచ్చట

హైదరాబాదు పాతబస్తీలో కాపురముండువాడు ఓడలను గూర్చి వ్రాయబూనుట చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. మా వీధికి కూతవేటు దూరమున మూసీనది కలదు. అందు ఓడ మాట యటుండనిండు, ఏటిలో చాల నెలలు దోనె తేలుటకైనను చాలినంత నీరుండదు. సముద్రమా, రెండువందల మైళ్ల దూరమున నున్నది. మీ గ్రంథాలయ రజతోత్సవ సంచికకు హైదరాబాదు చరిత్ర నుండి ఏదేని యొక విషయము వ్రాసి పంపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు చార్మినారును గూర్చియో, మక్కా మసీదును గూర్చియో వ్రాయుట సులభమే. కాని ఆ కథలు మీ గ్రంథాలయపు బీరువాలలోనే అనేకము లున్నవి. ఎవరును అంతగా పట్టించుకొనని యొక సంగతిని చెప్పదలచితిని. ఈ నగరమును పాలించిన సుల్తానులకు సొంత ఓడలుండెడివి. ఆ ఓడలు పుట్టినది, చిల్లిపడినపుడు బాగుపడినది మన తెలుగు వడ్రంగుల చేతులలోనే.

థామసు బౌరీ అను ఆంగ్ల నావికవర్తకుడు 1669 మొదలు 1679 వరకు బంగాళాఖాత తీరములలో సంచరించి తాను చూచినదానిని వ్రాసిపెట్టెను. అది 1905లో గాని అచ్చు కాలేదు. అందులో ఆతడు చెప్పు సంగతులలో ఒకటి విచిత్రమైనది. గోలకొండ సుల్తానునకును, ఆయన సర్దారులకును ఏనుగులను కొని తెచ్చుటకై రాజుగారి ఓడలు ఏటేట అరకాను, తెనాసరిము, సింహళ దేశములకు పోవుచుండెనట. ఒక్కొక్క ఓడలో 14 మొదలు 26 వరకు ఏనుగులు వచ్చెడివట. చార్మినారు కమానుల క్రిందుగా ఊరేగిన ఏనుగులలో కొన్నియైనను అట్లు సముద్రము దాటి వచ్చినవే యైయుండును. ఇరువది ఏనుగులు కాలు కదపుచు నిలుచున్న ఓడ మేను ఎంత గట్టిగా నుండవలెనో ఆలోచింపుడు. ఒక్క పలక సందు విడినను ఏనుగులు, మావటీలు, నావికులు అందరును నీటిపాలే.

ఓడ దెబ్బతినుట ఆ కాలమున కేవలము వడ్రంగి వ్యవహారము కాదు, రాజ్యవ్యవహారము కూడ. ఇందుకు గోలకొండ రాజ్యమునకు ముందటి సాక్ష్యమొకటి కలదు. కాకతీయ గణపతిదేవుడు, ఆయనయు సముద్రమునకు దూరమైన ఓరుగంటినుండి ఏలినవాడే, 1244లో మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. ఆ శాసనము వీరభద్రస్వామి ఆలయమున నున్నది. పూర్వపు రాజులు తుపానుచే పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సమస్తమును బలాత్కారముగా లాగుకొనుచుండిరనియు, తాము మాత్రము నియమిత సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడిచితిమనియు అందు చెప్పబడినది. ఆ సుంకము ముప్పదింట ఒకవంతు. విరిగిన ఓడను దోచుకొను హక్కు రాజునకున్నచో ఏ నావికుడును చిల్లిపడిన ఓడను మన రేవునకు తేడు; సముద్రములోనే మునిగిపోవుటకు సిద్ధపడును. దోపిడి మానినచోటనే మరమ్మతుకు తావు కలుగును. గణపతిదేవుని దయాగుణమును మాత్రమే పొగడు పుస్తకములు ఈ వర్తకపు లెక్కను విడిచిపెట్టుట నాకు వింతగా తోచును. మోటుపల్లి వేటపాలెమునకు దగ్గరలోనే యున్నది. 1918లో వెలసిన సారస్వత నికేతనమును చూడబోవు గ్రంథాలయాభిమానులు ఆ ఆలయమును కూడ చూచి రావచ్చును.

ఇక కొయ్య ఓడకు వచ్చు జబ్బులను గూర్చి కొంత చెప్పవలెను. ఇసుకతిన్నెలకు తగిలి పలక పగులుట అందరికిని తోచునదే. దానికంటె ప్రమాదకరమైనది కంటికి కనబడనిది. ఉష్ణసముద్రములలో కొయ్యను తొలుచు పురుగొకటి కలదు. అది నిజమునకు పురుగు కాదు, గుల్లజాతి జీవి. చిన్నదిగా నున్నపుడు సూదిమొన పట్టునంత రంధ్రము చేసికొని పలకలో దూరి, లోపలనే పెరుగుచు, వ్రేలు పట్టునంత సొరంగము త్రవ్వుకొనును. పైనుండి చూచినచో పలక చెక్కుచెదరక నుండును. బాడిసతో ఒక్క దెబ్బ వేసినచో తేనెపట్టువలె విచ్చుకొనును. ఈ జీవికి మంచినీరు పడదు. కాబట్టి సముద్రములో తిరిగిన ఓడను నదీముఖము దాటించి మంచినీటిలో కొంతకాలము నిలుపుట సగము వైద్యము. మిగిలిన సగము వడ్రంగి పని. గోదావరి పాయ నానుకొనియున్న నరసాపురము ఓడల మరమ్మతునకు పేరువడుటకు ఇది ముఖ్యకారణమని నా అభిప్రాయము. నీరు, కొయ్య, ఇనుము, పనివారు అన్నియు అక్కడ ఒక్కచోట దొరకినవి.

పని జరుగు తీరు ఇది. పోటు సమయమున ఓడను ఒడ్డువైపునకు తెచ్చి, సరకులు, లంగరులు, ఫిరంగులు దింపి తేలికపరతురు. పాటు వచ్చినప్పుడు నీరు తీసిపోగా ఓడ బురదపై నిలుచును. తెరచాపకొయ్యలకు మోకులు కట్టి లాగి ఓడను ఒక ప్రక్కకు ఒరగవేయుదురు. అడుగున పట్టిన నాచును, గుల్లలను కాల్చి గీకివేసిన పిమ్మట జబ్బు బయటపడును. వడ్రంగి సుత్తితో పలకపై తట్టుచు పోవును. గట్టి పలక ఒక విధముగను, బోలు పలక వేరొక విధముగను మ్రోగును. కుళ్లిన పలకను మేకులు ఊడదీసి తొలగించి, చుట్టుప్రక్కల గట్టికొయ్య కనబడువరకు కోసి, అచ్చముగా ఆ కొలతకు క్రొత్తపలకను చెక్కి, దానిని ఆవిరిచేతనో నిప్పుసెగచేతనో వంచి బిగింతురు. కేవలము కుళ్లినంతమేర కోసి అతుకు వేయుట సోమరిపని. అతుకు కొనలు ఓడలోని నిలువుకొయ్యపై ఆనవలెను, ప్రక్క పలకల అతుకులతో ఒకే వరుసలోనికి రాకూడదు. ఆ పిమ్మట పలకల సందులలో పీచును మొద్దుటులితో గ్రుచ్చి గ్రుచ్చి కూరి, దానిపై గుగ్గిలమును నూనెతో కరగించి పోయుదురు. నీటిలో దిగిన తరువాత కొయ్య ఉబ్బి ఆ పీచును నొక్కిపట్టును. ఓడ నీరు పట్టకుండుటకు నిజమైన కారణము ఈ ఉబ్బుటే. అందుచేతనే ఎండలో ఎక్కువకాలము నిలిపిన ఓడ, మేలైన కొయ్యతో కట్టినదైనను, మొదటి దినమున కొంత నీరు కారును. తెలియనివారు బెదరుదురు, తెలిసినవారు నీరు తోడుచు కూర్చుందురు.

ఇది మేకులతో బిగించిన ఓడల సంగతి. మన తీరమున దీనికి పూర్తిగా వేరైన మరియొక సంప్రదాయము కలదు. కెరటములు విరుగుచోట సరకులను, మనుష్యులను ఓడనుండి ఒడ్డునకు చేర్చు మసూలా పడవలకు ఇనుప మేకు ఒక్కటియు లేదు. వెడల్పైన పలుచని పలకలను అంచున రంధ్రములు చేసి కొబ్బరిత్రాటితో కుట్టుదురు. లోపల అడ్డకొయ్యలేగాని ప్రక్కటెముకలవంటి నిలువుకొయ్యలుండవు. కెరటము కొట్టినప్పుడు మేకుల పడవ ఎదురునిలిచి పగులును; కుట్టుపడవ వంగి లొంగి మరల నిలుచును. దీని మరమ్మతు దర్జీపనిని పోలినది. త్రాడు చివికినచోట విప్పి, సందున అడ్డుగా పెట్టిన పీచును మార్చి, మరల కుట్టుదురు. అవసరమైనచో మొత్తము పడవనే విప్పి పలకలుగా పేర్చి ఋతువు రాగానే కుట్టుకొందురు. బౌరీ ఈ పడవలను కూడ చూచి వర్ణించెను. ఐరోపాలోని ఘనమైన ఓడలలో దిగినవారు చివరకు మన తీరమున కాలు మోపుటకు ఈ కుట్టుపడవనే ఆశ్రయింపవలసివచ్చెడిది.

ఇప్పుడు 1614 నాటి కథకు వత్తును. ఆంగ్లేయుల గ్లోబు అను ఓడ 1611 ఆగస్టులో మొదటిమారు మన తీరమునకు వచ్చి, నిజాంపట్టణమును, మచిలీపట్టణమును చేరెను. మచిలీపట్టణపు ఆంగ్ల వర్తకస్థానమునకు అదియే ఆరంభము. ఆ ఓడలో వర్తకపు పెద్దలలో ఒకడు ఫ్లోరిసు అను డచ్చివాడు. దినచర్య వ్రాసికొను అలవాటు అతనికుండుట మన అదృష్టము. ఓడ ఇచ్చటినుండి పటానీ, సయాము దేశములకు పోయి 1613 చివర మరల మచిలీపట్టణము చేరునప్పటికి ఉష్ణసముద్రములలో సుమారు మూడేండ్లు గడచెను. అట్టి మేనుతో ఆఫ్రికా చుట్టివచ్చి ఇంగ్లాండు చేరుట సాహసమని తలచి, 1614 ఫిబ్రవరిలో దానిని నరసాపురపు నదిలోనికి తెచ్చిరి. ఓడ సుమారు తొమ్మిదిన్నర అడుగుల లోతు మునిగియున్నది. మొగలోని నీరు అంతకంటె కొంచెమే ఎక్కువ. ఆ కొంచెములోనే ఓడ దూరి నదిలో నిలిచెను.

అది మొదలు వానకాలము ముగియువరకు ఓడ నరసాపురముననే యుండెను. ఈ నడుమ జరిగిన సంగతి మా పాతబస్తీవారికి ఒడలు జలదరించునట్టిది. ఆ ఏటి వరదలలో నరసాపురము చుట్టుపట్ల ఇరువది తొమ్మిదేండ్లుగా ఎరుగని ముంపు వచ్చెనని ఫ్లోరిసు వ్రాసెను. ఉప్పుకుప్పలు, ధాన్యము, ఊళ్లు కొట్టుకొనిపోయెను. వేలకొలది మనుష్యులును, పశువులును మునిగిరి. అంతటితో నిలువక గోలకొండ వార్తను కూడ చెప్పినాడు. వేసవిలో ఎండిపోవు అచ్చటి నది పొంగి నాలుగువేలకు పైగా ఇండ్లను కొట్టుకొనిపోయెననియు, 19 కమానులది ఒకటి, 15 కమానులది ఒకటి రాతివంతెనలు రెండు నీట మునిగెననియు, పెద్దదానిలో ఆరు కమానులు కూలెననియు ఆతని మాట. ఐరోపా వంతెనలకు అవి తీసిపోవని మెచ్చుకోలు కూడ చేర్చెను. ఆ నది మన మూసీయే. అది గోదావరి పాయ యని ఆతడు భ్రమపడినాడు. నిజమునకు మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. వంతెనలలో ఒకటి 1578లో కట్టిన పురానాపూలే యైయుండునని, నేటి కమానుల లెక్కతో సరిపోకున్నను, నేను తలచుచున్నాను. మూసీ వరద యనగానే అందరికిని 1908 సెప్టెంబరు 28వ తేదీయే జ్ఞప్తికి వచ్చును. ఆ వరద పిమ్మటనే 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. దానికి దాదాపు మూడువందల యేండ్లకు ముందు, మక్కా మసీదుకు పునాది వేయించిన సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా ఏలుబడిలోనే, మూసీ ఇట్లు నగరమును ముంచినదను సాక్ష్యము నరసాపురములో ఓడ బాగుచేయించుకొనుచు కూర్చుండిన యొక పరదేశి దినచర్యవలన మనకు దొరకినది. ఓడకు జబ్బు చేయనిచో ఆ వాక్యములు పుట్టియుండవు.

ఆ వరదలో ఓడ నిలిచినది. వరద తీసిన పిమ్మట క్రొత్తపలకల తొడుగుతో మచిలీపట్టణపు రేవునకు తిరిగి వచ్చినది. తొడుగనగా ఓడ అసలు మేనుపై పలుచని పలకలను మరియొక పొరగా బిగించుట. రెంటి నడుమ తారు, వెండ్రుకలు మున్నగునవి పట్టింతురు. పురుగు వచ్చినచో పైపొరను తినును. అసలు మేను బ్రదుకును. కొన్నియేండ్లకు పైపొరను ఊడదీసి క్రొత్తది వేసికొనవచ్చును. నా బాల్యమున మా తాతగారు క్రొత్త చెప్పులకు అడుగున పాత తోలు కుట్టించెడివారు. ఈ తొడుగు సంగతి చదివినపుడెల్ల నాకు అది జ్ఞాపకమువచ్చును. గ్లోబు 1614 డిసెంబరులో మన తీరమును విడిచి 1615లో ఇంగ్లాండు చేరెను. పోవుటకు ముందు ఫ్లోరిసు తనకు రావలసిన బాకీకై మచిలీపట్టణపు గవర్నరు కుమారుని ఓడపైకి ఎత్తుకొనిపోయి సొమ్ము రాబట్టుకొనెను. ఆ వృత్తాంతమును ఆతడు సంతోషముగా, విస్తారముగా వ్రాసినాడు. ఓడను బాగుచేసిన వడ్రంగులలో ఒక్కని పేరైనను ఆతని దినచర్యలో నాకు కనబడలేదు.

బౌరీ కొంత నయము. పేర్లు చెప్పకున్నను గుణమును చెప్పినాడు. నరసాపురము ప్రక్కనే యున్న మాధవాయపాలెమును ఆంగ్లేయులు మడపొల్లమనుచుండిరి. అచ్చట ఆంగ్ల వర్తకులు అనేకులు ఏటేట ఓడలను కట్టించుకొనుచుండిరనియు, మంచి కొయ్య సమృద్ధిగా దొరకుననియు, తీరమంతటిలోను మేలైన ఇనుము అచ్చటిదే యనియు, మేకులు, బోల్టులు, లంగరులు దేశీయ కమ్మరులు చక్కగా చేయుదురనియు, పనిమేస్త్రీలు మిక్కిలి నిపుణులనియు వ్రాసెను. ఓడను నీటిలోనికి దింపు నేర్పునందు లోకములో తాను చూచిన మరి యే తావునకును ఇది తీసిపోదని ఆతని తీర్పు. పరదేశి పొగడినంతమాత్రమున పొంగిపోవలసిన పనిలేదు. కాని సముద్రముపై తన ప్రాణమును ఓడపలకపై నిలిపినవాడు పలకను పొగడినచో ఆ మాటకు బరువు కలదు.

పెద్ద ఓడలను విడిచి చిన్నవానిని చూతము. వడ్రంగి లేకయే ఇంటివారు చేసికొను పడవలు మన దేశమున రెండు రకములు. కొల్లేటి ప్రాంతమున తాటిమ్రానును తొలిచి దోనెగా చేయుదురు. తాటిమ్రాను పైభాగము ఇనుమువంటిది, లోపలిది మెత్తని పీచు. కావున తొలుచుట సులభము. మ్రాను మొదటి ఉబ్బు దోనెకు సహజముగా మూసిన కొన యగును; రెండవ కొనను బంకమట్టితో మూయుదురు. రెండు దోనెలను జంటగా కట్టినచో సంగడి. దోనె పొడుగునా చీలినచో పలక మార్చుటకు వీలులేదు, అంతయు ఒకటే కొయ్య గనుక. చీలికలో పీచు కూరి, తారు పూసి, పైన రేకుముక్క బిగించి కొంతకాలము గడుపుదురు. అటుపిమ్మట ఇంకొక తాడిచెట్టే గతి.

రెండవది పుట్టి. కృష్ణ, తుంగభద్రలలో నడచునది. హైదరాబాదునకు సమీపమైనదియు ఇదియే. వెదురుబద్దల బుట్టకు వెలుపల ఎద్దుతోలు తొడిగిన ఈ గుండ్రని పడవలను 16వ శతాబ్దమున విజయనగరమునకు వచ్చిన పేయిసును, 17వ శతాబ్దమున గోలకొండకు వచ్చిన రత్నవర్తకుడు తావెర్నియేయును వర్ణించిరి. సరకు తడియకుండ అడుగున కట్టెలు పరచి వానిపై తివాచీలు వేయుదురని తావెర్నియే మాట. నేడు తోలు పోయి తారు పూసిన గుడ్డ, ప్లాస్టికు పట్టా, ఫైబరు వచ్చినవి. బుట్ట మాత్రము మారలేదు. నేను నాగార్జునసాగరము వద్ద ఒక జాలరి పుట్టిని తలక్రిందులు చేసి అతుకు వేయుచుండగా చూచితిని. చిల్లికంటె మూడింతల గుడ్డను కత్తిరించి, పట్టాను బూడిదతో రుద్ది ఆరబెట్టి, తారు కాచి పూసి అంటించెను. అంత గుడ్డ యెందుకని అడిగితిని. చిల్లి కనబడినంతే యుండదయ్యా అనెను.

మేకుల ఓడల విద్య నరసాపురముతో ఆగలేదు. 1687లో గోలకొండ పడిపోయినను వడ్రంగులు పడిపోలేదు. 18వ శతాబ్దమునకు గోదావరి ఉత్తరపు పాయ మొగలోని కోరంగి ముందునకు వచ్చెను. 1802లో ఎబనేజరు రోబకు అను ఆంగ్లేయుడు అచ్చట ఒక డాకు కట్టించెను. ఆల్బట్రాసు అను యుద్ధనౌక అందులో నిలిచి మరమ్మతు పొందినది. ఓడను బురదపై ఒరగవేయు పని లేకుండ లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీరు తోడి, నిలువున నిలిపి నాలుగువైపుల పనిచేయగల వసతి యది. కలకత్తాకును సింహళములోని త్రింకోమలికిని నడుమ పెద్ద ఓడలను అట్లు బాగుచేయగల తావు అదొక్కటే యని ప్రతీతి. పనివారు కోరంగివారును, తాళ్లరేవువారును. కోరంగి ఓడలు బియ్యము, ఉప్పు, టేకుకొయ్య మోయుచు బర్మాకు తిరుగుచుండెను. ఆ రాకపోకల బలముచేత బర్మాలో తెలుగువారందరికిని కోరంగీలను పేరు స్థిరపడెను. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలపై జరిగిన దారుణపు దాడులలో ఆ పేరు తిట్టుగా కూడ వినబడినది. ఒక ఓడరేవు పేరు ఒక జాతి పేరగుట, అది మరల తిట్టగుట చరిత్రలో తరచు కనబడునది కాదు.

కోరంగిని 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను ఉప్పెనలు ముంచెత్తినవి. రెండవదానిలో మూడులక్షలమంది మరణించిరని పెక్కు పుస్తకములలో కనబడు అంకెను నేను నమ్మజాలను. ఒక చిన్న రేవు చుట్టుపట్ల అంతమంది జనముండుట సాధ్యమా? అంకె మాట యెట్లున్నను రేవునకు దెబ్బ నిజము. కాని కోరంగిని చంపినది ఉప్పెనలకంటె గోదావరి తెచ్చిన ఒండ్రు. ఏటేట మొగ పూడి, పెద్ద ఓడలు లోపలికి రాలేక కాకినాడను ఆశ్రయించినవి. లోపలికి రాని ఓడను డాకు ఏమి చేయగలదు? ఇనుప ఓడలు, ఆవిరి యంత్రములు వచ్చిన పిమ్మట బాడిస పట్టినవారి పని మరింత తగ్గెను. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువలు త్రవ్వగా గోదావరి పడవలకు కొంతకాలము గిరాకి కలిగినది. రోడ్లు, రైళ్లు దానిని కూడ తీసికొనిపోయినవి. తాళ్లరేవులో మాత్రము కొయ్య ఓడలు కట్టుట 20వ శతాబ్దమునను సాగినది.

నేను కోరంగికి పోయినప్పుడు డాకు ఉండినచోటు చూపుమని ఇద్దరు ముగ్గురిని అడిగితిని. మడ అడవులను చూపించు పడవ యెక్కుచోటును చూపించిరి. 1978లో ఆ ప్రాంతమును అభయారణ్యముగా చేసిరి గనుక వచ్చువారందరు అందుకే వచ్చుచున్నారు. పడవ నడపిన ముసలివానిని మరల అడిగితిని. ఆతడు తెడ్డు ఆపి, మా ముత్తాతలు ఓడలకు మేకులు కొట్టినవారేనట, ఎక్కడ కొట్టిరో మాకు తెలియదు అని చెప్పి, పాటు మొదలైనదని పడవను వెనుకకు మరల్చెను.